రివ్యూ కూడా సాక్ష్యమే

నోటికి మాటను, చేతికి వ్రాతను ప్రసాదించిన అల్లాహ్‌కే సమస్త ప్రశంసలు. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) పైన, ఆయన కుటుంబీకులపైన, సహచరులందరిపైన శాంతి శుభాలు వర్షించుగాక.



కొద్ది వారాల క్రితం ఇషా నమాజు ముగిసిన తర్వాత మన మస్జిద్‌కు వచ్చే ఒక సోదరుడు నా దగ్గర కూర్చున్నాడు. విమానాశ్రయం కార్గో విభాగంలో రాత్రి షిఫ్టు చేసే యువకుడు. జేబులోనుంచి ఒక నాణెం తీసి నా అరచేతిలో పెట్టాడు. "మౌలానా సాబ్, దీన్ని ఒకసారి చూడండి" అన్నాడు. నాణెంపై చార్మినార్ ఉంది. చూడడానికి అందంగానే ఉంది. తర్వాత చిన్న అయస్కాంతం ఒకటి తీసి దగ్గరకు తెచ్చాడు. నాణెం నా చేతిలోనుంచి ఎగిరి దానికి అతుక్కుంది. "వెండి ఇలా అంటుకుంటుందా?" అని అడిగాడు.

అది హాలీ సిక్కా రూపాయికి నకలు. హాలీ సిక్కా అంటే మన పెద్దలకు చెప్పనక్కరలేదు. పిల్లల కోసం రెండు మాటలు చెబుతాను. నిజాం ప్రభుత్వానికి సొంత నాణేలు ఉండేవి. బ్రిటిషు రూపాయిని ఇక్కడివారు కల్దారు అనేవారు. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారు రూపాయలకు సమానం. మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంలోనూ, 1911లో గద్దెనెక్కిన మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలోనూ ముద్రించిన రూపాయిపై చార్మినార్ కనిపిస్తుంది. చార్మినార్ ద్వారం మధ్యలో ఒక అరబీ అక్షరం ఉంటుంది: మహబూబ్ కాలపు దానిపై మీమ్, ఉస్మాన్ కాలపు దానిపై ఐన్. ఆ నాణెంపైనే 92 అనే అంకె కూడా ఉంటుంది. అబ్జద్ లెక్కలో అది ముహమ్మద్ అనే పవిత్ర నామానికి వచ్చే సంఖ్య. అసలు రూపాయి 11 గ్రాములకు కాస్త పైన తూగుతుంది. 1959లో ఆ నాణేల చెలామణీ పూర్తిగా రద్దయింది. అప్పటినుంచి అవి పెట్టెల అడుగునా, సేకరించేవారి ఆల్బమ్‌లలోనూ మిగిలాయి.

ఈ సోదరుడు నాణేలు సేకరించేవాడు కాడు. అతని నాయనమ్మ దగ్గర అలాంటి రూపాయి ఒకటి ఉండేదట. ఇంట్లో జబ్బు వచ్చినప్పుడు దాన్ని అమ్మేశారు. వృద్ధుడైన తండ్రి ఇప్పటికీ అప్పుడప్పుడు ఆ రూపాయిని తలచుకుంటాడు. ఈద్‌కు తండ్రి చేతిలో అలాంటిదే ఒకటి పెట్టాలని కొడుకు కోరిక. ఒక యాప్‌లో వెదికాడు. వెండి మెరుపుతో చక్కని ఫోటో కనిపించింది. ఉస్మాన్ అలీ ఖాన్ కాలపు చార్మినార్ రూపాయి అని శీర్షిక ఉంది. వెల 3,800 రూపాయలు. కొన్నాడు. ఈద్ ముందు రోజు పార్సిల్ వచ్చింది. తండ్రి దాన్ని అందుకొని, పూర్వం అందరూ చేసినట్లే, గచ్చుమీద జారవిడిచి చెవి ఒగ్గాడు. వెండి మ్రోగే తీరు ఆయనకు తెలుసు. ఇది మ్రోగలేదు, డబ్బా మూతలాగా టప్పుమంది. ఆయన ఏమీ అనలేదు. నాణెం తీసి కొడుకు చేతికిచ్చి, "పర్వాలేదు బేటా" అన్నాడు.

సోదరులారా, ఆ "పర్వాలేదు" అనే మాట విన్న కొడుకు గుండె ఎంత మండి ఉంటుందో నాకు తెలుసు. ఆ మంటలోనే అతడు ఫోను తీసి రివ్యూ వ్రాశాడు. వ్రాసి నా దగ్గరకు వచ్చాడు. "మోసగాడి గురించి నలుగురికీ చెప్పాను, తప్పా?" అని అడిగాడు. "బాగా చేశావు, ఇతరులను హెచ్చరించడం పుణ్యకార్యమే" అన్నాను.

అక్కడ పొరపాటు చేసినవాణ్ణి నేను. అతడు ఏమి వ్రాశాడో నేను చదవలేదు. హజ్రత్ అలీ (రజి)ని న్యాయనిర్ణేతగా యమన్‌కు పంపేటప్పుడు, రెండవ పక్షం మాట వినకుండా తీర్పు చెప్పవద్దని దైవప్రవక్త (స) బోధించిన విషయం నేనే ఈ మిన్బర్ మీదినుంచి ఎన్నోసార్లు చెప్పాను. ఆ రాత్రి మాత్రం నాకు గుర్తు రాలేదు. కళ్ళ ముందు ఆ ముసలాయన ముఖమే కదలాడింది.

మూడు రోజుల తర్వాత ఆ సోదరుడు మళ్ళీ వచ్చాడు. విక్రేత ఫోను చేశాడట. "నేను వివరణలో రెప్లికా అని వ్రాశాను, నీవు చదవలేదు. నీవూ నీ మిత్రులూ కలిసి నా దుకాణాన్ని ముంచేశారు. ఆ వ్రాతలన్నీ తీసేయి, నీ డబ్బు నీకు పంపిస్తాను" అన్నాడట. అప్పుడు మేమిద్దరం దీపం క్రింద కూర్చొని మొదట వస్తువు పేజీని, తర్వాత రివ్యూను మొదటినుంచి చివరివరకు చదివాము. ఈ రోజు ఖుత్బా అంతా ఆ రాత్రి చదివిన దాని గురించే. ఆ విక్రేత పేరు గానీ, ఆ యాప్ పేరు గానీ నేను చెప్పను. ఆ వస్తువు పేజీని విక్రేత తొలగించాడు. హెచ్చరిక అవసరమైన కొనుగోలుదారు ఇప్పుడు ఎవరూ లేరు. ప్రయోజనం తీరిన తర్వాత పేరెత్తడం వట్టి గీబత్ అవుతుంది.

ముందుగా విక్రేత సంగతి. రెప్లికా అనే మాట నిజంగానే ఉంది. ఎక్కడ ఉంది? శీర్షికలో లేదు, ఫోటోపై లేదు. రవాణా నిబంధనలు, ప్యాకింగ్ వివరాలు అన్నీ దాటుకొని అట్టడుగున, ఇంగ్లీషులో, ఒకే ఒక్కసారి. ఫోటో మాత్రం నకలుది కాదు, అసలైన వెండి రూపాయిది.

మదీనా బజారులో జరిగిన ఒక సంఘటన మీలో చాలామందికి తెలుసు. దైవప్రవక్త (స) ఒక ధాన్యపు రాశి పక్కనుంచి వెళుతూ దానిలోకి చేయి పెట్టారు. పైన గింజలు ఎండి ఉన్నాయి, లోపల వ్రేళ్ళకు తడి తగిలింది. ఇదేమిటని వ్యాపారిని అడిగారు. వర్షానికి తడిసిందని అతడు చెప్పాడు. అలాంటప్పుడు ఆ తడి గింజలను జనానికి కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదని ప్రవక్త (స) ప్రశ్నించారు. మోసగించేవాడు తన వాడు కాదని హెచ్చరించారు. సహీహ్ ముస్లింలో ఈ హదీసు ఉంది. ఆ వ్యాపారి అబద్ధం చెప్పలేదని గమనించండి. అడిగిన వెంటనే నిజమే చెప్పాడు. తడి గింజలు కూడా ఆ రాశిలోనే ఉన్నాయి, దాచిపెట్టలేదు. అయినా అది మోసమే అయింది. ఎందుకంటే కనిపించవలసినది పైన లేదు. "నేను వ్రాశాను కదా" అనే విక్రేతకు ఆ ఒక్క ప్రశ్నే సమాధానం: పైన ఎందుకు వ్రాయలేదు?

అలాగే అమ్మకానికి ముందు కొన్ని రోజులు పాలు పితకకుండా పశువు పొదుగును నింపి చూపడాన్ని ప్రవక్త (స) నిషేధించారు. అలా కొన్నవానికి మూడు రోజులలోగా దాన్ని తిరిగి ఇచ్చే హక్కు ఇచ్చారు. పొదుగు నిజంగా ఆ పశువుదే. చూపు మాత్రం మోసం. ఈ కాలపు ఫోటోలు కూడా నిండు పొదుగులే. మన ఫిఖహ్ పండితులు ఈ మూలాలనుంచే కొనుగోలుదారు హక్కులను వివరించారు. వస్తువులో లోపం బయటపడితే తిరిగి ఇచ్చే హక్కును ఖియారె ఐబ్ అన్నారు. చూడకుండా కొన్న వస్తువును చూసిన తర్వాత వద్దనుకునే హక్కును హనఫీ పండితులు ఖియారె రూయత్ అన్నారు. ఆన్‌లైన్ బజారు రాకముందు పన్నెండు వందల ఏళ్ళ క్రితమే చూడని సరుకు కొనేవాని గురించి మన ఇమాములు ఆలోచించారంటే ఆశ్చర్యం కలుగుతుంది. జుమ్మెరాత్ బజార్‌లో అయితే నాణేన్ని చేతిలోకి తీసుకొని రాతిమీద మ్రోగించి చూస్తాము. ఫోనులో ఆ అవకాశం లేదు. అందువల్ల అమ్మేవాని బాధ్యత పెరుగుతుందే గానీ తగ్గదు.

మనలో అమ్మేవారు కూడా చాలామంది ఉన్నారు. లాడ్ బజార్ గాజులు, అత్తర్లు, ముత్యాలు ఫోనులో పెట్టి అమ్మే సోదరీమణులున్నారు. మీ ఫోటోలను ఈ సాయంత్రం ఒకసారి చూసుకోండి. అమ్మేవాడు, కొనేవాడు ఇద్దరూ నిజం చెప్పి, లోపాన్ని తెలియజేస్తే ఆ బేరంలో బర్కత్ ఉంటుందని, దాచిపెడితే ఆ బర్కత్ తుడిచిపెట్టుకు పోతుందని హకీం బిన్ హిజామ్ (రజి) ఉల్లేఖించిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది.

ఇక ఆ సోదరుని రివ్యూ. అతనికి మాట్లాడే హక్కు ఉందా? నిస్సందేహంగా ఉంది. చెడును బాహాటంగా పలకడం అల్లాహ్‌కు ఇష్టం లేదని, అయితే అన్యాయానికి గురైనవాని విషయం వేరని దివ్య ఖుర్ఆన్ సూరా అన్నిసాలో తెలియజేస్తుంది. హింద్ బిన్త్ ఉత్బా (రజి) తన భర్త అబూ సుఫ్యాన్ పిసినారి అనీ, తనకూ పిల్లలకూ సరిపడా ఇవ్వడం లేదనీ ఫిర్యాదు చేసినప్పుడు ప్రవక్త (స) ఆమెను వారించలేదు, పరిష్కారం చెప్పారు. ఫాతిమా బిన్త్ ఖైస్ (రజి) తనకు వచ్చిన పెళ్ళి సంబంధాల గురించి సలహా అడిగితే, ఒకరి పేదరికాన్ని, మరొకరి కఠిన స్వభావాన్ని దాచకుండా ఆమెకు తెలియజేశారు. ఇమామ్ నవవీ (రహ్మ) రియాజుస్సాలిహీన్‌లో గీబత్ అనుమతించబడే ఆరు సందర్భాలను పేర్కొంటూ అన్యాయంపై ఫిర్యాదును, ఇతరులను హెచ్చరించడాన్ని అందులో చేర్చారు. కాబట్టి రివ్యూ వ్రాయడమే పాపమని ఎవరూ అనుకోవద్దు.

అయితే ఆ రివ్యూలో ఏముందో వినండి. మొదటి వాక్యం: "ఇది వెండి కాదు, ఇనుము." ఇది నిజం. అయస్కాంతం సాక్షి. రెండవది: "వీడు చాలామందికి ఖాళీ డబ్బాలు పంపాడు." ఇది నీకెలా తెలుసు అని అడిగాను. "ఇలాంటివాడు పంపే ఉంటాడు కదా మౌలానా సాబ్" అన్నాడు. మూడవ వాక్యంలో విక్రేత ఊరినీ, అతని ఊరివారందరినీ కలిపి తిట్టాడు. నాల్గవదానిలో పార్సిల్ చీటీపై ఉన్న అతని ఫోను నంబరు వ్రాసి, అందరూ ఫోను చేసి బుద్ధి చెప్పండి అన్నాడు. ఆపైన షిఫ్టు మిత్రుల వాట్సాప్ గ్రూపులో లింకు పెట్టాడు. అయిదుగురు మిత్రులు వెళ్ళి ఒక్కొక్క స్టార్ ఇచ్చి, "నాకూ నకిలీ వచ్చింది" అని వ్రాశారు. ఆ అయిదుగురిలో ఒక్కడు కూడా అక్కడ ఏమీ కొనలేదు.

ఒకే వేలితో, ఒకే నిమిషంలో వ్రాసినవే ఇవన్నీ. అల్లాహ్ సన్నిధిలో మాత్రం ఇవి ఒకే పద్దులో పడవు. ఒక మనిషిలో ఉన్న లోపాన్ని అతని పరోక్షంలో చెబితే అది గీబత్ అని, లేనిదాన్ని చెబితే అది అభాండమని ప్రవక్త (స) వివరించారు. మొదటి వాక్యానికి పీడితుని హక్కు ఉంది. రెండవ వాక్యానికి ఏ హక్కూ లేదు, అది బుహ్తాన్. ఒకరినొకరు ఎగతాళి చేయడాన్ని, పేర్లు పెట్టి కించపరచడాన్ని, అనుమానాల వెంట పడడాన్ని సూరా అల్ హుజురాత్ వరుసగా నిషేధిస్తుంది. మూడవ వాక్యం దాని క్రిందికి వస్తుంది. ఒక జాతిపై ఉన్న ద్వేషం న్యాయాన్ని వదిలేసేలా చేయకూడదని సూరా అల్ మాయిదా హెచ్చరిస్తుంది. పీడితుని హక్కు తనకు జరిగిన అన్యాయం మేరకే. దానికి మించి ఒక్క మాట వేసినా తూకం తలక్రిందులవుతుంది, పీడితుడే పీడించినవాడవుతాడు.

ఆ అయిదుగురి సంగతి ఇంకా తీవ్రమైనది. ఘోరపాపాలను వివరిస్తూ ఆనుకొని కూర్చున్న ప్రవక్త (స), అబద్ధపు సాక్ష్యం ప్రస్తావన రాగానే నిటారుగా లేచి కూర్చున్నారని అబూ బక్రా (రజి) ఉల్లేఖించారు. ఆ మాటను ఆయన ఎన్నిసార్లు పునరుద్ఘాటించారంటే, ఇక ఆపితే బాగుండునని సహాబీలు అనుకున్నారట. "స్నేహితుని కోసం ఒక స్టార్ ఇచ్చాను, అంతే కదా" అంటారు మన పిల్లలు. కొనకుండానే "నాకు నకిలీ వచ్చింది" అని వ్రాయడం సాక్ష్యం కాకపోతే మరేమిటి? ఖాజీ ముందు నిలబడి చెబితేనే సాక్ష్యమా? ఆ వ్రాత చదివి ఎవరో కొనడం మానేశారు, ఎవరో ఒకరి దుకాణం మూతపడింది. సాక్ష్యం చేసే పని అదే.

ఇక్కడ మన ప్రాంతం గురించి ఒక మాట చెప్పాలి. 2008 మార్చిలో విమానాశ్రయం తెరిచినప్పటినుంచి శంషాబాద్ రూపురేఖలు మారిపోయాయి. గగన్‌పహాడ్ నుంచి కొత్తూరు దాకా బెంగుళూరు రహదారి పొడవునా గిడ్డంగులు వెలిశాయి. 2023 జనవరిలో అమెజాన్ తన సరుకు విమాన సేవను ఈ దేశంలో మన విమానాశ్రయం నుంచే ప్రారంభించింది. ఎక్కడో ఎవరో ఫోనులో నొక్కితే, ఇక్కడ మన పిల్లల చేతులు కదులుతాయి. ఈ సఫ్‌లలో కూర్చున్నవారిలో పార్సిళ్ళు కట్టేవారు, లారీ తోలేవారు, బైకుపై ఇంటింటికి చేరవేసేవారు ఎందరో ఉన్నారు. వస్తువు బాగాలేదని తెచ్చి ఇచ్చిన కుర్రవానికి ఒక్క స్టార్ ఇచ్చే అలవాటు గురించి వారిని అడగండి. నాణెం ఇనుముది కావడంలో, ఎండలో దాన్ని మోసుకొచ్చినవాని తప్పేముంది? అతని రేటింగ్ పడిపోతే అతని పిల్లల ఖర్చుకు కోత పడుతుంది. ఒకరి పాపభారాన్ని మరొకరు మోయరనేది మన విశ్వాసం. ఫోను తెరపై మాత్రం మోయిస్తున్నాము. విక్రేతకు ఇచ్చేది వేరు, చేరవేసినవానికి ఇచ్చేది వేరు. వేటికవి చూసి ఇవ్వండి. అతడు వేళకు, మర్యాదగా తెస్తే, లోపల రాళ్ళు ఉన్నా అతనికి ఇవ్వవలసినది అయిదు స్టార్లే.

మరొక సంగతి చెప్పడానికి నాకు సంకోచంగా ఉంది. అయినా చెప్పాలి. పార్సిల్‌లో చిన్న కార్డు వస్తుంది: అయిదు స్టార్లు ఇచ్చి ఫోటో పంపితే వంద రూపాయలు తిరిగి ఇస్తామని. ఇంతకన్నా ముందుకు వెళ్ళి, చూడని వస్తువులకు పొగడ్తలు వ్రాసి, ఒక్కోదానికి ఇంత అని తీసుకునే యువకులు కూడా ఉన్నారు. కొనే ఉద్దేశం లేకుండా వేలంలో ధర పెంచి ఇతరులను ఉచ్చులోకి లాగడాన్ని నజ్ష్ అంటారు. ప్రవక్త (స) దాన్ని నిషేధించారు. చూడని వస్తువుపై కూలికి వ్రాసే పొగడ్త దాని సోదరుడే. మన దేశ చట్టం కూడా ఇక్కడ షరీఅత్‌కు దగ్గరగానే ఉంది. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం విక్రేత తానే వినియోగదారునిగా నటించి రివ్యూలు వ్రాయకూడదు. భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో ఆన్‌లైన్ రివ్యూల కోసం ఐఎస్ 19000 అనే ప్రమాణాన్నే ప్రకటించింది. ఆ వంద రూపాయలు హలాల్ అవుతాయా అని నన్ను అడిగితే, వస్తువును వాడి నీకు నిజంగా నచ్చినా, మెప్పును షరతు చేసిన డబ్బుకు దూరంగా ఉండమనే చెబుతాను.

అలాగని మౌనం కూడా ధర్మం కాదు. మనలో పెద్దవారికి మరో అలవాటు ఉంది: "పోనీలే, మనకెందుకు, అల్లాహ్ చూసుకుంటాడు." తన హక్కును క్షమించడం గొప్ప గుణమే, దానికి ప్రతిఫలం ఉంది. కాని నీవు క్షమించగలిగేది నీ 3,800 రూపాయలనే. నీ తర్వాత కొనబోయేవాని డబ్బును క్షమించే అధికారం నీకెక్కడిది? సాక్ష్యాన్ని దాచేవాని హృదయం పాపభూయిష్టమని సూరా అల్ బఖరా చివరి భాగంలో, అప్పు పత్రాల సందర్భంలో అల్లాహ్ హెచ్చరించాడు.

విక్రేత పెట్టిన షరతుపై మేము చాలాసేపు ఆలోచించింది ఇందుకే. రివ్యూ తీసేస్తే డబ్బు ఇస్తానంటున్నాడు. డబ్బు ఆ సోదరుని హక్కు, అది షరతు లేకుండానే రావాలి. వివరణకు సరిపోలని వస్తువును తిరిగి తీసుకోవడానికి విక్రేత నిరాకరించకూడదని పైన చెప్పిన నియమాలలోనే ఉంది. వేదిక నడిపేవారి ఫిర్యాదుల అధికారి 48 గంటలలోగా ఫిర్యాదు అందినట్లు తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. అప్పటికీ కాకపోతే 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చెప్పుకోవచ్చు. నిజమైన సాక్ష్యాన్ని తుడిచివేయడానికి తీసుకునే డబ్బు మాత్రం వేరు. అలాగే అబద్ధాన్ని తుడిచివేయడానికి బేరం పెట్టడం కూడా తగదు, అది వెంటనే పోవాలి. కాబట్టి ఆ రాత్రే, విక్రేత ఏమీ ఇవ్వకముందే, ఆ సోదరుడు తన రివ్యూలోని మూడు వాక్యాలు తీసేశాడు. ఫోను నంబరూ పోయింది. మొదటి వాక్యం నిలిచింది. తర్వాత విక్రేతకు ఫోను చేసి, "మీ ఊరిని తిట్టాను, నాకు తెలియనిది వ్రాశాను, క్షమించండి. నాణెం విషయం మాత్రం నిజం, అది తీయను" అని చెప్పాడు. అవతల కాసేపు మాట లేదట.

రెండు రోజుల తర్వాత డబ్బు వచ్చింది. బేరం రద్దు కోరిన వానికి ఒప్పుకొని రద్దు చేసినవాని తప్పులను అల్లాహ్ మన్నిస్తాడనే శుభవార్త హదీసులలో ఉంది. ఆ విక్రేతకు అది దక్కాలని నేను దుఆ చేశాను. అప్పుడు రివ్యూ చివరి రూపం ఇలా అయింది: "ఫోటోలో ఉన్నది వెండి నాణెం. నాకు వచ్చింది అయస్కాంతానికి అంటుకునే నకలు, 8 గ్రాముల పైచిలుకు. అసలు 11 గ్రాముల పైన ఉండాలి. రెప్లికా అనే మాట వివరణ అడుగున ఉంది, నేను అంతవరకు చదవలేదు. చెప్పిన తర్వాత విక్రేత పూర్తి డబ్బు తిరిగి ఇచ్చాడు. పార్సిల్ తెచ్చినవారు వేళకు తెచ్చారు." ఒకటిగా ఉన్న స్టార్ రెండయింది. రెండే ఎందుకని అడిగాను. "డబ్బు ఇచ్చినందుకు ఒకటి పెంచాను. ఫోటో మార్చి ఉంటే ఇంకొకటి పెంచేవాణ్ణి" అన్నాడు. ఆ లెక్క నాకు నచ్చింది. మరునాడే ఆ పేజీ పోయింది.

"నేను చదవలేదు" అని అతడు వ్రాసుకున్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. మీకే వ్యతిరేకమైనా న్యాయానికి సాక్షులుగా నిలబడమని సూరా అన్నిసా ఆదేశిస్తుంది. వ్యాపారంలో తరచూ మోసపోయే ఒక వ్యక్తికి, బేరం కుదిరేటప్పుడే మోసం ఉండకూడదని షరతు చెప్పుకొమ్మని ప్రవక్త (స) నేర్పారు. మనం కూడా కొనే ముందే "ఇది అసలా, నకలా, బరువెంత" అని వ్రాతపూర్వకంగా అడిగి ఉంటే ఆ ఈద్ వేరుగా గడిచేది.

తూనికలలో మోసగించేవారికి వినాశం తప్పదని హెచ్చరిస్తూ మొదలయ్యే సూరా అల్ ముతఫ్ఫిఫీన్‌ను మనం దుకాణదారులకే చదివి వినిపిస్తాము. తీసుకునేటప్పుడు నిండుగా తీసుకొని, ఇచ్చేటప్పుడు తగ్గించేవారి గురించి ఆ సూరా మాట్లాడుతుంది. కొనేవాడు కూడా తీసుకుంటాడు, ఇస్తాడు. ఒకటి కొంటే పొరపాటున రెండు వచ్చిన రోజున మనలో ఎంతమంది ఫోను చేసి చెబుతున్నాము? తక్కువ వస్తే రివ్యూ, ఎక్కువ వస్తే మౌనం! పూర్వం ఒకతను భూమి కొని, దానిలో బంగారం నిండిన కుండ దొరికితే అమ్మినవాని దగ్గరకు తీసుకెళ్ళాడు. నేను కొన్నది భూమిని, బంగారాన్ని కాదన్నాడు. అమ్మినవాడేమో భూమితోపాటు దానిలో ఉన్నదంతా అమ్మానన్నాడు. ఇద్దరూ పుచ్చుకోనంటూ తగవుకు వెళ్ళారు. ఒకరి కొడుకుకు మరొకరి కూతురినిచ్చి పెళ్ళి చేసి, ఆ బంగారం వారిపై ఖర్చు చేయమని తీర్పు వచ్చింది. బుఖారీలో ఉన్న ఈ వృత్తాంతం చదివినప్పుడల్లా, అలాంటి ఇద్దరు ఒకే బేరంలో కలవడమే పెద్ద నిధి అనిపిస్తుంది నాకు.

ఆ అయిదుగురు మిత్రులలో ముగ్గురు తమ వ్రాతలను తొలగించారు. ఇద్దరు ఇంకా తొలగించలేదు. దుకాణం ఖాతాపై అవి అలాగే ఉన్నాయి. "ఎవరు చూస్తారు" అంటున్నారట. నమాజులు, ఉపవాసాలు, జకాత్ అన్నీ వెంటబెట్టుకొని వచ్చి, ఒకరిని తిట్టినందుకు, మరొకరిపై అభాండం వేసినందుకు తన పుణ్యాలన్నీ వారికి పంచి ఇచ్చి, చివరికి వారి పాపాలను నెత్తిన వేసుకునేవాడే అసలైన దివాలాకోరు అని ప్రవక్త (స) సహాబీలకు వివరించారు. ఆ ఇద్దరూ ఈ రోజు ఇక్కడ ఉన్నారో లేదో నేను చూడలేదు, చూడను. తీసేయడానికి అర నిమిషం చాలు.

నాణెం సంగతి మిగిలింది. డబ్బు వచ్చింది కనుక తిరిగి పంపుతానని ఆ సోదరుడు విక్రేతను అడిగాడు. పంపే ఖర్చే ఎక్కువ, ఉంచుకొమ్మని అతడన్నాడు. ఉంచుకుంటే రేపు తమ తర్వాత ఎవరైనా దాన్ని అసలుగా అమ్ముతారేమోనని తండ్రికి బెంగ పట్టుకుంది. అందువల్ల దాన్ని ఒక కవరులో పెట్టి, దానిపై ఉర్దూలో, తెలుగులో తన చేతితోనే "నకలు" అని పెద్ద అక్షరాలతో వ్రాసి నాకు పంపించాడు. మక్తబ్ అలమరలో ఉంది. ఈ రోజు నమాజు తర్వాత పిల్లలు వచ్చి చూడవచ్చు. అయస్కాంతం కూడా పక్కనే పెట్టాను.

అల్లాహ్ మా నాలుకలు పలికినదాన్ని, మా వ్రేళ్ళు వ్రాసినదాన్ని మన్నించుగాక. ఆ తండ్రి ఆరోగ్యంలో, ఆ కొడుకు సంపాదనలో, ఆ విక్రేత వ్యాపారంలో బర్కత్ ప్రసాదించుగాక. ఆమీన్.